ముందు సీట్లో కూర్చున్నావిడ

మోపిదేవి గుళ్లో దర్శనం క్యూలో నిలబడి ఉండగా వెనక నుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే, నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడ దగ్గర ఒకప్పుడు రొయ్యలు ఏరిన ఆడవాళ్లలో ఒకామె. నాగాయలంక దాటాక, దివిసీమ చివర సముద్రం ఒడ్డున ఉన్న పల్లె వాళ్లది.

"పంతులమ్మగారూ, మీకు కబురందలేదా? మా పెద్దమ్మ పోయి ఇరవై రోజులైందండీ" అంది.

ఎలా అని అడిగాను. జ్వరమట. ఆస్పత్రికి మంచం మీద మోసుకెళ్తామంటే, "నడిచి బస్సెక్కగలిగితే వస్తా, మోసుకెళ్తే రాను" అందట. రాలేదు. ఆ మాట విన్నాక ఇంకేమీ అడగాలనిపించలేదు. అది ఆవిడ మాటే. ఇంకొకరు అనలేరు.

క్యూ కదిలింది. వెనకవాళ్లు తొందరపెడుతున్నారు. నాకు మాత్రం ఆవిడ అక్కడే ఎక్కడో పక్కన నిలబడి, "ఎంతసేపు నిలబడతావమ్మా, వెళ్లి అరుగు మీద కూకో" అంటున్నట్టే ఉంది. ఆవిడకి క్యూ అంటే గిట్టదు.

"లైన్లో నిలబడటం నాకు ఉప్పెనతోనే అయిపోయింది" అనేది. ఉప్పెన గురించి ఆవిడ నోట నేను విన్నది ఆ మేరకే. భర్తనూ ఒక బిడ్డనూ సముద్రం తీసుకుపోయిన సంగతి పల్లెలో వాళ్లు చెప్పారు గానీ ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే ఆ తర్వాతి రోజుల సంగతే. బియ్యానికి లైను, దుప్పటికి లైను, వేలిముద్రకి లైను. "నిలబడి అడిగినోళ్లకి చేతిలో ఏది పడితే అది పడేస్తారు పంతులమ్మా. కూకుని అడిగినోళ్లతోనే బేరమాడతారు" అనేది.

కూర్చోవడం కూడా అలాగే కూర్చునేది. కుర్చీ అంచున ఒదిగి కూర్చోవడం ఆవిడకి రాదు. వీపు వెనక్కి ఆనేదాకా జరిగి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి, పాదాలు రెండూ నేల మీద సమంగా ఆనించి, అప్పుడు నోరు తెరిచేది. నల్లటి పొడుగాటి మనిషి. చెవులకి బరువైన కమ్మలు. మాట్లాడేటప్పుడు కుడిచేతి బొటనవేలితో చూపుడువేలు రుద్దుతూ ఉండేది, అక్కడ ఒక రొయ్య ఉన్నట్టూ, దాని తడి చూస్తున్నట్టూ.

బందరులో మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు సరాసరి మా నాన్నగారి వాలుకుర్చీలో కూర్చుంది. మాది మూడు తరాలుగా బడిపంతుళ్ల ఇల్లు. ఆ కుర్చీలో నాన్నగారు తప్ప ఎవరూ కూర్చోరు. నీసు అన్నది మా గడప తొక్కలేదు. మా అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి ముక్కు మీద కొంగు వేసుకోబోయి, మళ్లీ మొహమాటపడి తీసేసింది. ఆవిడ అది చూసింది.

"అమ్మగారూ, తలంటు పోసుకునే వచ్చానండీ. కుర్చీకి వాసన పట్టదు" అంది నవ్వుతూ.

మా అమ్మ లోపలికెళ్లి కాఫీ తెచ్చింది. అప్పటి నుంచి ఆవిడ ఎప్పుడొచ్చినా కాఫీ ఉండేది. వాలుకుర్చీ కూడా ఉండేది. నాన్నగారే లేచి మంచం మీదికి మారేవారు.

ఆవిడ మా ఇంటికి వచ్చింది ఒక కాగితం చదివించుకోవడానికి. తొంభైల్లో నేను బందరు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. వాళ్ల పల్లెలో ఎండు రొయ్యలూ ఎండు నెత్తళ్లూ తయారుచేసి గుడివాడలో ఒక షావుకారుకి వేసేవాళ్లు. ఆయన వాటిని మద్రాసు మీదుగా సింగపూరు పంపేవాడు. ఆ షావుకారు బల్ల మీద ఉన్న ఫ్యాక్సు కాగితాన్ని ఆవిడ చడీచప్పుడు లేకుండా తీసి, రొంటిన దోపుకుని వచ్చింది.

"దొంగతనమే. ముందు చదువు" అంది. "మా సరుకు సింగపూరాయనకి నచ్చలేదంట, అందుకే ధర తగ్గించాడంట. అదే ఉందా ఇందులో? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అందులో ఉన్నది అది కాదు. మీరు పంపే మూటల్లో ఒక్క ఊరి సరుకులోనే ఇసుక ఉండటం లేదు, అలాంటిది ఇంకా కావాలి, దాన్ని ఎండబెట్టేది ఎవరు అని అడిగాడు. రాసినాయన సింగపూరులో ఎండు చేపల దుకాణాలకి యజమాని.

ఆవిడ ఆ ఉత్తరాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది. తక్కిన పల్లెల్లో ఒడ్డున ఇసుక మీదే ఆరబోస్తారు. ఆవిడ మాత్రం గుంజలు పాతి, నడుమెత్తున పాత వలలు బిగించి వాటి మీద ఆరబెట్టించేది. తన మనుషుల్లో ఎవరైనా బద్ధకించి కింద ఆరబోస్తే ఆ రోజు సరుకంతా కాలితో సముద్రంలోకి తోసేసేది. ఏడ్చినా జాలిపడేది కాదు. చాలామందికి ఆవిడంటే భయం, కొందరికి కోపం కూడా.

"ఎవరు ఎండబెడతన్నారు అని అడిగాడా? అయితే చెబుదాం. 'ఎండబెట్టేది నేను' అని రాయి. కింద మా ఊరు పేరు రాయి. చాలు."

నేను మర్యాదగా, నా చదువుకి తగ్గట్టు ఒక ఉత్తరం రాశాను. ఆవిడ కాగితం తీసుకుని వేలితో వరసలు లెక్కపెట్టింది.

"నేను చెప్పింది రెండు ముక్కలు. ఇందులో పది వరసలున్నాయి. మిగతా ఎనిమిదీ ఎవరివి?"

"ఇంగ్లీషులో అలా రాయాలండీ, మర్యాదకి."

"మర్యాదలు తర్వాత. ముందు మాట ఎల్లనీ."

కొట్టేసి రెండు వాక్యాలు రాశాను. బందరులోని ఎస్టీడీ బూత్ నుంచి ఫ్యాక్సు చేయిస్తే, నాలుగో రోజున అక్కడికే జవాబు వచ్చింది. అలా ఒక ఏడాదిపాటు ఆయన ఉత్తరాలు నేను చదవడం, ఆవిడ మాటలు నేను రాయడం సాగింది. ఆ ఏడాదిలోనే ఆవిడ నన్ను పాస్‌పోర్టు కాగితాలు తెప్పించమంది. వేలిముద్ర వెయ్యనంది. నెల రోజులు ఒడ్డున తడి ఇసుకలో వేలితో పేరు రాసుకుంటూ సంతకం నేర్చుకుంది. ఎక్కడికి వెళ్లాలని పాస్‌పోర్టు అని అడిగితే, "పిలిచినప్పుడు లేదనకూడదు గదా" అంది.

పిలుపు నిజంగానే వచ్చింది. సింగపూరాయన మద్రాసు వస్తున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆవిడనీ మాటసాయానికి నన్నూ తనతో రమ్మన్నాడు. అక్కడి గోదాములు చూసి వచ్చే ఏటికి మాట అనుకుందాం అన్నాడు. మా ఇద్దరికీ వెనక సీట్ల టికెట్లు పంపాడు. అదే విమానంలో గుడివాడ షావుకారు కూడా వస్తున్నాడనీ, ఆయనా సింగపూరాయనా ముందు భాగంలో ఫస్ట్ క్లాసులో పక్కపక్కన కూర్చుంటారనీ తర్వాత తెలిసింది.

విమానం ఎక్కని ఆవిడకి విమానం గురించి చెప్పవలసింది విమానం ఎక్కని నేనే. బెజవాడలో టికెట్ల ఆఫీసులో కుర్రాడిని అడిగి తెలుసుకుని వచ్చి చెప్పాను. ముందు సీటువాళ్లకి విమానం ఎక్కేముందు కూర్చోవడానికి వేరే లాంజ్ ఉంటుందట అన్నాను.

"లాంచీనా? విమానాల దగ్గర పడవెందుకు?"

"లాంచీ కాదు పిన్నిగారూ, లాంజ్. సోఫాలుంటాయి. కాఫీ, టిఫిను, పళ్లు, ఏది కావాలంటే అది. డబ్బు అడగరు."

"ఎంతసేపు కూకోవచ్చు?"

"రెండు మూడు గంటలు."

"షావుకారు అక్కడే కూకుంటాడా?"

"అవునండీ."

"సింగపూరాయనా?"

"ఆయనా అక్కడే."

బొటనవేలు చూపుడువేలు మీద ఆగిపోయింది. "రెండు గంటలు ఒకే సోఫాలో పక్కపక్కన కూకుని కాఫీ తాగాక ఇంక బేరం ఏం మిగుల్తుంది? నేను సింగపూర్లో దిగేతలికి అంతా అయిపోయి, నాకు గోదాములు చూపించి పంపిస్తారు. నా టికెట్టు మార్పించు పంతులమ్మా. ముందుకి."

ఖరీదు చెప్పాను. ఆవిడ పడవకి కొత్త ఇంజను కొనాలని దాచిన డబ్బు దాదాపు అంతా దానికే సరిపోతుంది. ఆవిడ ఆడపడుచు గొల్లుమంది. "ఇంజను కొంటానని దాచి గాల్లో పోస్తావా వదినా?" అంది.

"ఇదీ ఇంజనుకే. కాస్త పెద్దది" అంది ఆవిడ. అంతటితో ఆ చర్చ ముగిసింది.

బందరు నుంచి బెజవాడ, బెజవాడ నుంచి మద్రాసు రైల్లో వెళ్లాం. విమానం మధ్యాహ్నమైతే పొద్దున్నే ఎయిర్‌పోర్టు చేరుకున్నాం. టిఫిను చెయ్యనివ్వలేదు నన్ను. "లోపల పెడతారు గదా" అంది. కౌంటర్లు తెరిచేదాకా బయట బెంచీ మీద కాచుకున్నాం. ఫస్ట్ క్లాసు కౌంటరు ముందు చిన్న ఎర్ర తివాచీ, దాని మీద ఎవరూ లేరు. ఆవిడ పని రెండు నిమిషాల్లో అయిపోయింది. నా లైను మాత్రం చాలా పొడుగ్గా ఉంది. నన్ను కూడా తివాచీ మీదికి పిలిచింది గానీ అక్కడి ఉద్యోగి ఒప్పుకోలేదు. సరే అని వచ్చి నా పక్కన ముప్పావుగంట నిలబడింది.

"లైన్లో నిలబడనన్నారు కదండీ" అన్నాను.

"లైన్లో లేను. పక్కన ఉన్నాను" అంది.

ముందు సీటువాళ్లు లాంజ్‌లోకి ఒకరిని తోడు తీసుకెళ్లవచ్చట. ఇద్దరం కలిసి వెళ్లాం. ఇక్కడ జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ మొహం చెల్లదు. నేను ఆ రోజు మా అమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టుకున్నాను. కళ్లజోడు, భుజాన తోలు సంచి. ఆవిడ ముతక నేతచీరలో, రబ్బరు చెప్పులతో, చేతిలో గుడ్డసంచితో ఉంది. తలుపు దగ్గర బల్ల వెనక ఉన్న అమ్మాయి నన్ను చూసి నవ్వుతూ లేచి, "వెల్కమ్ మేడమ్" అని తలుపు తెరిచింది. నా వెనకున్న ఆవిడకి మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, బయట ఉన్న బెంచీ చూపించింది.

నేను లోపలికి రెండడుగులు వేశాను.

చల్లటి గాలి మొహానికి తగిలింది. కాఫీ వాసన. కాళ్ల కింద మెత్తగా ఉంది. ఆ రెండడుగులూ నేను పొరపాటున వెయ్యలేదు. ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఆ అమ్మాయి నన్ను ఏమనుకుందో తెలుసు. ఒక్క క్షణం అలా అనుకోనిచ్చాను.

తిరిగి చూసేసరికి ఆవిడ రొంటిన దోపుకున్న బోర్డింగు కార్డు తీసి, మడత విప్పి, బల్ల మీద పెట్టి అరచేత్తో సాపుచేస్తోంది.

"అమ్మాయ్, ఇది నాది. ఆవిడ నాతో వచ్చింది" అంది.

తెలుగు అర్థమైందో కార్డు అర్థమైందో గానీ ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. ఆవిడ నన్ను దాటి వెళ్లి, అన్నిటికన్నా పెద్ద సోఫా చూసుకుని, వీపు ఆనేదాకా జరిగి కూర్చుంది.

ఆ తర్వాత ఆవిడ ఆ లాంజ్‌ని అనుభవించిన తీరు నేను మరిచిపోలేను. బెరుకు లేదు, ఆబ లేదు. పని చేసినంత శ్రద్ధగా సుఖపడింది. ఇడ్లీ తింది, కేకు తింది. జున్నుముక్క అనుకుని చీజ్ నోట్లో పెట్టుకుని, "సబ్బులా ఉంది" అని పక్కన పెట్టింది. పైనాపిల్ రసం రెండు గ్లాసులు తాగింది. కప్పుతో తెచ్చిన టీని చూసి, ఇది గొంతు తడవడానికైనా సరిపోదని పెద్ద గ్లాసునిండా తెప్పించుకుంది. ఒకసారి లేచి వెళ్లి చాలాసేపు రాలేదు. కంగారుపడి లేవబోయేంతలో మొహం మెరిసిపోతూ వచ్చింది.

"పంతులమ్మా, తిప్పితే వేణ్ణీళ్లు వస్తన్నాయి. మెత్తటి తువ్వాలు కూడా ఇచ్చారు. కాళ్లు కడుక్కున్నా. ఎల్లు, నువ్వూ కడుక్కో."

"నాకు వద్దండీ."

"ఎందుకొద్దు? టికెట్టులో ఉంది గదా."

నేను వెళ్లలేదు. నాకు ఏదీ సహించలేదు. ఆవిడ ఒకసారి నా మొహం చూసింది.

పన్నెండు దాటాక సింగపూరాయనా షావుకారూ వచ్చారు. పెద్దాయన సన్నగా, తెల్లచొక్కాలో, చేతికర్రతో ఉన్నాడు. మాట తమిళం, ఇంగ్లీషు. షావుకారు మమ్మల్ని చూసి కూడా చూడనట్టు ఆయన్ని దూరంగా ఉన్న సోఫాలోకి తీసుకెళ్లాడు. బ్రీఫ్‌కేసు తెరిచి ఎండు రొయ్యల ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ టీ చివరిదాకా తాగింది. గ్లాసు కింద పెట్టింది. గుడ్డసంచి తీసుకుని లేచింది.

మేం వెళ్లి నిలబడగానే షావుకారు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పెద్దాయన మర్యాదగా తల ఊపాడు.

"ఏమన్నాడు?" అంది ఆవిడ.

నాకు చెప్పబుద్ధి కాలేదు. కానీ అప్పటికే ఒకసారి తప్పు చేశాను.

"మీరు ఆయన దగ్గర పనిచేసే కూలిమనిషి అంటున్నారు. సరదా పడితే రానిచ్చాను అంటున్నారు."

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ చూసుకుని ముందు కూర్చుంది. అప్పుడు నాతో, "రెండు గాజు గ్లాసులు పట్రా. వేణ్ణీళ్లు పోయించు. కాగే నీళ్లు" అంది.

తెచ్చాను. ఆవిడ షావుకారు ప్యాకెట్టులోంచి, ఆయన వారించేలోపే, గుప్పెడు రొయ్యలు తీసి ఒక గ్లాసులో వేసింది. తన సంచిలోంచి గుప్పెడు తీసి రెండో గ్లాసులో వేసింది. పైకి చూస్తే రెండూ ఒక్కలాంటివే. షావుకారువే కాస్త ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. గ్లాసులు రెండూ పెద్దాయన ముందుకి జరిపి, చేతులు కుర్చీ చేతుల మీద పెట్టుకుని, "కాసేపు ఆగండి" అంది తెలుగులోనే.

ఎండు రొయ్యల వాసన లాంజ్ అంతా కమ్ముకుంది. పక్క సోఫాలో పేపరు చదువుతున్నాయన లేచి వెళ్లిపోయాడు. బల్ల దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆవిడ ఆ అమ్మాయి వైపు తిరిగి, "అయిపోయిందమ్మా, ఇంకొక్క నిమిషం" అంది, సొంత ఇంట్లో చుట్టానికి చెప్పినట్టు.

రొయ్యలు ఉబ్బాయి. ఒక గ్లాసులో నీళ్లు లేత టీ రంగులోకి తిరిగి, అడుగున గాజు గాజుగానే ఉంది. రెండో గ్లాసులో ముందు మడ్డిగా తిరిగి, ఆ మడ్డి నెమ్మదిగా దిగి, అడుగున వేలెడు మందాన కాకపోయినా, కళ్లకి కనిపించేంత ఇసుక పేరుకుంది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆ గ్లాసులోంచే ఒక రొయ్య తీసి నోట్లో వేసుకుని కొరికాడు. కరకరమన్న చప్పుడు మా అందరికీ వినపడింది. రుమాల్లో ఉమ్మేసి, ఆవిడ గ్లాసులోది తీసి నమిలాడు. చాలాసేపు నమిలాడు.

ఆ తర్వాత ఆవిడతో తమిళంలో ఏదో అడిగాడు. మద్రాసు పడవలవాళ్లతో బేరాలాడి నేర్చుకున్న అరవంలో ఆవిడ జవాబు చెప్పింది. మధ్యలో నా అవసరమే రాలేదు.

విమానంలో నేను వెనక కూర్చున్నాను. మధ్యలో తెర వేశారు. అటువైపు ఏం జరిగిందో నేను చూడలేదు. షావుకారు సీటు మార్చుకుని కిటికీ వైపు తిరిగి పడుకున్నాడనీ, పెద్దాయన ఆవిడ పక్కన కూర్చుని వలల గురించీ, గుంజల ఎత్తు గురించీ, ఏ నెలలో ఏ గాలి వీస్తుందనీ అడిగాడనీ తర్వాత ఆవిడే చెప్పింది. సింగపూర్లో ముందువాళ్లు ముందే దిగుతారు. నేను అందరికన్నా ఆఖరున బయటికొచ్చేసరికి విమానం తలుపు దాటాక ఆవిడ నిలబడి ఉంది. పక్కన చేతికర్ర ఆనుకుని పెద్దాయన కూడా ఉన్నాడు. మా పంతులమ్మ రాకుండా కదలనని ఆయన్ని కూడా ఆపేసిందట.

అక్కడ మూడు రోజులున్నాం. మాట కుదిరింది. షావుకారు మధ్యలో లేకుండా ఆవిడ నేరుగా పంపాలి, ఆయన నేరుగా కొనాలి. తిరుగు ప్రయాణంలో సింగపూరు లాంజ్ తలుపు దగ్గర ఆవిడ ఆగి, నన్ను వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది.

"ముందు నువ్వు నడు. మద్రాసులో రెండడుగులేశావు గదా, మిగతావి ఇక్కడ వెయ్యి."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిన్నిగారూ, ఆ రోజు నేను..."

"తెలుసులే. ఆ పిల్ల నన్ను చూసి పొరబడింది. నువ్వు పొరబడలా. కాస్త ఆలస్యంగా గుర్తొచ్చా, అంతేగా" అంది. ఆ మాటలో వెక్కిరింపు లేదు. ఊరడింపూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ పూట నేను వేణ్ణీళ్లతో కాళ్లు కడుక్కున్నాను.

ఊరొచ్చాక ఆవిడ చెప్పే కబుర్లలో ఆ లాంజ్ ఏటేటా పెరిగింది. మొదట యాభై కుర్చీలుండేవి, తర్వాత రెండు వందలయ్యాయి. టిఫిన్లు ఇరవై రకాలయ్యాయి. నిజానికి అక్కడ ముప్పై మంది కూడా పట్టరు. "కదా పంతులమ్మా?" అని నన్ను సాక్ష్యం అడిగేది. అవునండీ అనేదాన్ని. ఆవిడకి రాసిపెట్టిన ఉత్తరాల్లో ఒక్క మాట పెంచనివ్వలేదు గానీ, ఇక్కడ మాత్రం ఆవిడే పెంచుకుంటూ పోయింది.

అంతా సాఫీగా జరిగిందని కాదు. షావుకారు పగబట్టి, ఆవిడతో కలిసిన పల్లెల సరుకు కొననని చెప్పేశాడు. నేల మీద ఆరబోసిన సరుకు సింగపూరాయన తీసుకోడు గనక, రెండు సీజన్లు చుట్టుపక్కల వాళ్ల రొయ్యలు మూటల్లోనే ఉండిపోయాయి. పంపు దగ్గర ఒకావిడ ఈవిడ మొహం మీదే దుమ్మెత్తి పోసింది. "నువ్వు విమానమెక్కావు, మేం పస్తులెక్కాం" అంది. మర్నాడు ఈవిడ పాత వలలు భుజాన వేసుకుని ఆ ఆడమనిషి ఇంటికి వెళ్లి, గుంజలు పాతడానికి గునపం అడిగింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే సాయంత్రం దాకా గుంజలు పాతారు. అలా ఒక్కొక్క ఇంటికీ వెళ్లింది. తుఫాను వచ్చి ఒకసారి గుంజలన్నీ పీకేస్తే మళ్లీ పాతింది.

ఆవిడని చివరిసారి చూసింది రెండువేలు దాటి కొన్నేళ్లయ్యాక. ఒడ్డున పెద్ద తాటాకు పాక వేయించింది. పడవలు వచ్చేదాకా ఆడవాళ్లు ఎండలో నిలబడేవాళ్లు కదా, వాళ్లు కూర్చోవడానికి. గుడివాడలో ఒక సినిమా హాలు మూతపడితే అక్కడి బాల్కనీ కుర్చీలు కొని తెచ్చి, సముద్రం వైపు రెండు వరసలు బిగించింది. మూల ఒక పొయ్యి, దాని మీద ఎప్పుడూ వేణ్ణీళ్లు, టీ. ఒక బకెట్టు. అక్కడ ఆవిడ పెట్టిన నియమాలు రెండే. బేరం కూర్చున్నాకే మొదలుపెట్టాలి. ఎవరి గ్లాసు వాళ్లే కడగాలి.

నేను వెళ్లిన రోజునే షావుకారు వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పాక గుమ్మంలో నిలబడి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కూకోండి షావుకారుగారూ. ఇక్కడ నిలబడి మాట్లాడుకోం" అంది ఆవిడ.

ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీ, రొయ్యలు వలుస్తున్న ఇద్దరు ఆడవాళ్ల మధ్య. ఆయన పంచె సర్దుకుని అందులో కూర్చున్నాడు. టీ ఇచ్చారు.

"సింగపూరు పెద్దాయన పోయాడంట గదమ్మా" అన్నాడు. "కొడుకులు ఆ వ్యాపారం మానేశారని విన్నాను."

"మానేశారు. అందుకే మీరొచ్చారని తెలుసు."

ఆయన ఒక ధర చెప్పాడు. ఆవిడ తన ధర చెప్పింది. ఆవిడకి అప్పటికి వేరే కొనేవాళ్లు లేరని ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఆ పాకలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. మూటలు అటకల మీద నిండి ఉన్నాయి. ఆడవాళ్ల చేతులు రొయ్యల మీద ఆగిపోయాయి. ఆయన కొద్దిగా పెంచాడు. ఆవిడ అదే ధర మళ్లీ చెప్పి, ఆయన గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది. పడవలు కనిపించాయి. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నీళ్ల వైపు వెళ్లారు. ఆ వరసలో వాళ్లిద్దరూ, వెనక నేనూ మిగిలాం. ఆవిడ సముద్రం చూస్తూ కూర్చుంది, తొందరేమీ లేనట్టు.

"ఇసుక ఉండదు గదా?" అన్నాడు ఆఖరికి.

"ఇసుక కావాలంటే కింద బోలెడుంది. అది ఊరికే తీసుకెళ్లండి."

ఆయన పకపకా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. "సరేనమ్మా, నీ ధరే" అని లేచాడు. గ్లాసు కుర్చీ పక్కన పెట్టబోయాడు. ఆవిడ బకెట్టు వైపు చూసింది. షావుకారు ఒక్క నిమిషం నిలబడ్డాడు. తర్వాత పంచె మోకాళ్ల పైకి మడిచి, బకెట్టు దగ్గర గొంతుక్కూర్చుని, గ్లాసు రెండుసార్లు తొలిచి బోర్లించాడు.